రెండో వాసన

ఆ యంత్రానికి పెట్టింది నా ముక్కే. మొదట్లో ఈ మాట ఊరంతా తిరిగి చెప్పుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగినా నోరు విప్పను. మీకు మాత్రం చెబుతాను, ఎందుకంటే మీరు నన్ను మెచ్చుకోవడానికి రాలేదు.

నా పేరు సువార్త. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో ముప్ఫై ఏళ్ళు మిరపకాయలకి తొడిమలు తీశాను, కాయలు ఏరాను. పెద్ద రాశి పోస్తారు. చుట్టూ ఆడవాళ్ళం కూర్చుంటాం. మంచికాయ కుడివైపుకి, పనికిరాని తాలుకాయ ఎడమవైపుకి. తెల్లబారినా తాలే, పురుగు తొలిచినా తాలే, లోపల బూజు పట్టినా తాలే. ఒక తప్పు కనబడిందా, విసిరెయ్యడమే. అదే కాయకి ఇంకో తప్పు కూడా ఉందేమో అని చూస్తూ కూర్చుంటే మేస్త్రి ఊరుకోడు. "కాయకి పెళ్ళిచూపులా?" అని అరుస్తాడు. ఆ తిట్లన్నీ మా చెల్లెలు రూతుకే పడేవి. దానికి ప్రతి కాయనీ అటూ ఇటూ తిప్పి చూడనిదే తోచదు. సాయంత్రానికి దాని కుప్ప నా కుప్పలో సగం కూడా ఉండేది కాదు. నా గంపలోంచి రెండు దోసిళ్ళు దాని గంపలో పోసేదాన్ని, పోస్తూ నాలుగు తిట్టేదాన్ని.

మిర్చి ఘాటుకి ముక్కులు చచ్చిపోతాయంటారు. నాది చావలేదు, రూతుదీ చావలేదు. కుట్టు విప్పని బస్తా పక్కన నిలబడి లోపల బూజు ఉందో లేదో చెప్పేదాన్ని. విప్పి చూస్తే ఉండేది. కొనేవాళ్ళు సరుకు దగ్గరికి నన్ను పిలిపించుకునేవాళ్ళు.

ఈ సంగతి డాక్టర్ సత్యవేణి చెవిన పడింది. ఊరి బయట ఊపిరితిత్తుల పరిశోధనశాల ఒకటి ఉంది, ఆవిడది. ఒకరోజు నేరుగా మా రాశి దగ్గరకొచ్చి నేలమీదే చతికిలబడింది. వరసగా ఆరు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుంది.

"మీ వాళ్ళకి దగ్గొస్తే ఏం మందులిస్తున్నారమ్మా?"

"ఏముంది మేడమ్, టీబీ అని ఆర్నెల్లు బిళ్ళలు మింగిస్తారు. తగ్గకపోతే ఇంకో ఆర్నెల్లు."

"అందులో సగం మందిది టీబీ కాదు. ఈ బూజే ఊపిరితిత్తుల్లోకి పోయి గూడు కడుతోంది. ఎక్స్‌రేలో రెండూ ఒక్కలాగే కనబడతాయి. ఊపిరి వాసన పట్టి చెప్పే యంత్రం ఒకటి చేశాను. దానికి నేర్పేవాళ్ళు కావాలి."

"ముక్కుకి కూడా బడి పెడతారా మేడమ్?" అన్నాను.

రాశి చుట్టూ ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది రూతే. నవ్వుతూ నవ్వుతూ దగ్గుతెర వచ్చి పక్కకి లేచిపోయింది.

యంత్రమంటే ఏమో అనుకున్నాను. చూస్తే అన్నం కుక్కరంత డబ్బా. లోపల గాజు పలక మీద కుక్క ముక్కులోని కణాలు పెంచారు. అవి బతికే ఉంటాయట, రెండు పూటలా మేత కూడా వేస్తారట. "వాసన పట్టడం దీనికి తెలుసు. పట్టింది ఏమిటో తేల్చుకోవడం తెలియదు. అది మీ దగ్గర నేర్చుకోవాలి," అంది మేడమ్. నా తలకి తీగల టోపీ పెట్టింది. రోగుల ఊపిరి నింపిన వెండిరంగు సంచుల్ని ఒక్కొక్కటే తెరిస్తే నేనూ డబ్బా ఒకేసారి పీల్చేవాళ్ళం. నేను ఏమనుకున్నానో, ఎంతసేపు అనుకున్నానో, ఎక్కడ చాలనుకున్నానో టోపీ దానికి చెప్పేది.

బూజుది తడి గోనె వాసన. టీబీది పులిసిన పిండి వాసన. కేన్సర్‌ది పట్టుకోవడానికి నెల పట్టింది. ఇంగువ డబ్బాలోకి తడి చేరితే వస్తుందే, అది. చాలా సన్నగా, అన్నిటికీ అడుగున ఉంటుంది.

ఒకసారి ఒక సంచి పీల్చి "బూజు" అన్నాను.

"ఇంకేమైనా తగులుతోందా?" అని అడిగింది మేడమ్.

"బూజు దొరికింది కదా మేడమ్, తాలు తాలే. ఇంకేం చూస్తాం?"

ఆవిడ నవ్వి తరవాతి సంచి తెరిచింది. నేనూ నవ్వాను. మా ఇద్దరికీ బుద్ధి లేదు.

ఐదు నెలలకి డబ్బా వందకి తొంభై ఏడు సరిగ్గా చెప్పింది. నాకు శాలువా కప్పారు. పేపర్లో ఫోటో వేశారు. పదకొండు కోల్డ్ స్టోరేజీల్లో పదకొండు డబ్బాలు పెట్టారు. వాటి అసలు పేరు ఎవరికీ నోరు తిరక్క, అందరూ "సువార్త ముక్కు" అన్నారు. ఆడవాళ్ళు వరసకట్టి ఊదేవాళ్ళు. ఏళ్ళ తరబడి లేని టీబీకి బిళ్ళలు మింగినవాళ్ళు బూజు మందుతో లేచి తిరిగారు. ఇది అబద్ధం కాదు, ఇదీ చెప్పాలి. చర్చిలో ఆదివారం నా పేరు పెట్టి స్తుతి చెల్లించారు. నేను ముందు వరసలో కూర్చుని తల పైకెత్తుకుని విన్నాను.

రూతు దగ్గు మాత్రం తగ్గలేదు. దానికి మొగుడు పోయి ఎనిమిదేళ్ళు. ఒక్కతే కూతురు, దీవెన, నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలో ఎవరో కుర్ర డాక్టరు రూతుని చూసి, "ఎందుకైనా మంచిది, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం," అన్నాడు. అది నా దగ్గరకొచ్చి నసిగింది.

"అక్కా, పోనీ తీయించుకుందునా?"

"నీకేమన్నా మతిపోయిందే? ఊపిరితిత్తుల్లో సూది పొడిపించుకుంటావా? ముక్కు ఉండగా ఆ కర్మేంది నీకు? పద, అదే చెప్పిద్ది."

ఊదింది. తెర మీద "బూజు" అని పడింది.

"చూశావా?"

"అంతేనంటావా?"

"అంతే. నా మీద నమ్మకం లేదా ఏందే?"

"నీ మీద లేకపోతే ఇంకెవరి మీద ఉంటదక్కా," అంది.

పదకొండు నెలలు మందు వాడింది. ప్రతి నెలా ఊదింది. ప్రతి నెలా బూజు అనే వచ్చింది. దాని బరువు తగ్గుతుంటే మందు వేడి అన్నాను. జాకెట్లు వదులైతే కుట్టి ఇచ్చాను. ఒకరోజు దానికి తల దువ్వుతుంటే తడి ఇంగువ వాసన వచ్చింది. వచ్చింది, దాచుకుని ఏం లాభం? ఇది బూజు ముదిరిన వాసనేమో, అయినా నాకంటే డబ్బాకి ఎక్కువ తెలుసు కదా అనుకున్నాను. జడ వేసి పంపించాను.

తరవాతి వారం కక్కిన కళ్ళెలో నెత్తురు పడింది. అప్పుడు సత్యవేణి మేడమ్ తనే పట్టుబట్టి ముక్క తీయించింది. కేన్సర్. అదీ ఎక్కడా కనబడని రకం, వాళ్ళ పుస్తకాల్లోనే రెండు పేరాలు మించి లేదట. బూజు గూడు కట్టిన చోటే, ఆ గూటి గోడలోనే పెరిగింది. కోసి తీద్దామంటే రెండోవైపు ఊపిరితిత్తిని బూజు ఎప్పుడో తినేసింది. కేన్సర్ మందు ఇద్దామంటే ఒంట్లో సత్తువ చచ్చి బూజు లేస్తుంది. దేనికి మందిస్తే రెండోది ఎగబడుతుంది. పదకొండు నెలల కింద అయితే చిన్న ముక్క, కోసి పారేసేవాళ్ళు.

మేడమ్ నన్ను లోపలికి పిలిచింది. రూతు మొదటి రోజు ఊదినప్పుడు డబ్బా లోపలి కణాలు గీసిన గీతలు తెర మీద పెట్టింది.

"ఇది బూజు. దీని కింద సన్నగా ఉంది చూడండి, అది కేన్సర్. కణాలు రెండూ పట్టాయి సువార్తమ్మా."

"పడితే మరి చెప్పలేదేం?"

"బూజు అని తేలగానే ఆగిపోయింది. తరవాత చూడలేదు."

"ఎందుకాగింది?"

ఆవిడ నా టోపీ పాత గీతలు తెచ్చి పక్కన పెట్టింది. నాకు చదువు పెద్దగా లేకపోయినా అది అర్థమైంది. వాసన తగలగానే గీత పైకి లేస్తోంది, బూజు అని తేలగానే దబ్బున పడిపోతోంది. ఆ తరవాత ఏమీ లేదు. నా చెయ్యి కాయని విసిరేసినట్టే ఉంది. డబ్బా నా దగ్గర వాసనలు నేర్చుకోలేదు, విసిరెయ్యడం నేర్చుకుంది.

"మేమూ అంతేనమ్మా," అంది మేడమ్. "స్కానులో బూజు ఉండ కనబడింది. దాని పక్కన గోడ మందంగా ఉంటే అదీ బూజేలే అనుకున్నాం. ఒకే ఊపిరితిత్తిలో రెండూ ఉంటాయని..."

"మీ సంగతి మీరు చూసుకోండి మేడమ్. సూది వద్దని దాన్ని లాక్కొచ్చింది నేను."

రూతుకి నేనే చెప్పాను. చెప్పకుండా ఎట్లా ఉంటాను? మంచం మీద కూర్చుని అంతా విన్నది. గోడకి తగిలించి ఉన్న పేపరు ఫోటో పీకి, ఉండచుట్టి నా మొహాన కొట్టింది.

"నీ ముక్కు తగలెయ్య. నీ శాలువా తగలెయ్య. నా కూతుర్ని ఎవరే చూసేది? నువ్వా?"

ఆరు రోజులు నన్ను లోపలికి రానివ్వలేదు. హాస్టలు నుంచి వచ్చిన దీవెన గుమ్మంలోనే నిలబడి, "అమ్మ పడుకుంది పెద్దమ్మా," అనేది. లోపల దగ్గు వినబడుతూనే ఉండేది. తెచ్చిన గంజి గిన్నె అరుగు మీద పెట్టి వచ్చేసేదాన్ని.

అవతల ఇంకో గండం. ముక్కు బూజు అని తేల్చినవాళ్ళు తొమ్మిదివందల మంది ఉన్నారు. వాళ్ళలో ఎవరికి రెండోది ఉందో? గీతలు కలిసిపోయి ఉన్నాయి. రూతుది ముందే తెలిసింది కాబట్టి వెతికి పట్టారు గానీ, మిగతావి కంటితో చూసి చెప్పలేరు. పోనీ అందరికీ సూది వేద్దామంటే, బూజు పట్టిన ఊపిరితిత్తిలో సూది దిగితే కొందరు ఆ బల్ల మీదే పోతారు. డబ్బాకే మళ్ళీ నేర్పాలి. ఒకటి దొరికాక కూడా ఆగకుండా చూడటం నేర్పాలి.

టోపీ పెట్టుకుని నేనే కూర్చున్నాను. ఆ ఆరు రోజులూ కూర్చున్నాను. రెండు వందల సంచులు పీల్చాను. రెండోది వెతకాలని తెలుసు, పళ్ళు బిగబట్టి వెతికాను. అయినా తడి గోనె తగలగానే నా గీత దబ్బున పడిపోయేది. తరవాత నేను వెతికిందంతా నటన, టోపీకి తెలిసిపోయేది. ముప్ఫై ఏళ్ళ అలవాటు వారంలో పోతుందా?

"మీ రాశి దగ్గర, కాయలో ఒక తప్పు దొరికాక కూడా చూస్తూనే ఉండేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది మేడమ్.

ఉంది. ఒక్కతే ఉంది.

ఏడో రోజు దీవెన గుమ్మంలోంచి తప్పుకుని దారిచ్చింది. రూతు గోడకి ఆనుకుని కూర్చుంది. ముక్కులో ఆక్సిజన్ గొట్టం.

"ఏం కావాల?"

"నీ ముక్కు," అన్నాను.

సంగతంతా విని నవ్వింది. ఆ నవ్వు మంచిది కాదు. "మేస్త్రి వినుంటే ఏమనేవాడో. ఇన్నాళ్ళూ నా నెమ్మదిని తిట్టి, ఇయ్యాళ అదే కావాలా మీకు?" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "ఆ తొమ్మిదివందల్లో మన రాశోళ్ళు ఎంతమంది?" అని అడిగింది.

"ఇరవై ఆరు."

"వాళ్ళ కోసం వస్తా. నీ కోసం కాదు. నువ్వు నాతో మాట్లాడబాక. సంచులు అందియ్యి, అంతే."

వచ్చింది. దీవెన చెయ్యి పట్టుకుని ఆటోలోంచి దించేది, సిలిండరు నేను మోసేదాన్ని. తీగల టోపీ ఇప్పుడు దాని తలకి, ఏ వాసన దేనిదో మేడమ్ ముందే పట్టించింది. సంచి పీల్చాలంటే గొట్టం తీయాలి. ఒక్కో సంచికి ఒక్కో నిమిషం గాలి లేకుండా ఉండాలి. రోజుకి పదికి మించొద్దంది మేడమ్. అది ముప్ఫై చేసింది. పెదాలు నేరేడుపళ్ళ రంగుకి తిరిగేవి. "చాలమ్మా," అని దీవెన ఏడిస్తే, "ఉండవే, ఇంకా చూడలేదు," అనేది.

చూసే పద్ధతి చూడాలి మీరు. "తడి గోనె," అనేది. అక్కడితో నేనైతే అయిపోయాను. అది కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి, అట్లాగే ఉండేది. "ఉండండి... దీని కింద పొగాకు. అది వేరే, ఈమె చుట్ట కాల్చిద్ది. దాని కింద... ఏం లేదు. ఈమెకి బూజొక్కటే." దాని గీత పడిపోయేది కాదు. వంగేది, మళ్ళీ లేచేది. ముప్ఫై ఏళ్ళు నేను తిట్టింది దీన్నే.

పన్నెండో రోజుకి డబ్బా మొదటిసారి రెండు పేర్లు చెప్పింది. అది మా రాశిలో నాకు ఎదురుగా కూర్చునే మీరాబీ ఊపిరి. సూది వేసి చూస్తే నిజమే. గోరంత ఉండగానే కోసి తీశారు. మీరాబీ మొగుడు వచ్చి రూతు కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. రూతు కాళ్ళు ముడుచుకుని, "లేబ్బా, ఏందది, నలుగురూ చూస్తన్నారు," అంది. నా వైపు చూడలేదు.

పదహారో రోజు మధ్యాహ్నం. డబ్బా నిజంగా నేర్చుకుందో లేదో చూడటానికి జవాబు ముందే తెలిసిన సంచులు కొన్ని కలపాలంది మేడమ్. సంచుల మీద పేర్లుండవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం నా చేతిలోనే ఉంది. చలిపెట్టెలోంచి తీసిన మూడో సంచి ఏడాది కిందటిది. రూతు మొదటి రోజు ఊదిన ఊపిరి.

"ఇది వద్దు మేడమ్," అన్నాను మెల్లగా.

"ఇంత లేతగా ఉండగా రెండూ ఉన్నాయని మనకి తెలిసిన సంచి ఇదొక్కటే. ఇది లేకపోతే డబ్బా ముదిరినవే చెబుతుంది సువార్తమ్మా. లేతవి వదిలేస్తుంది," అంది ఆవిడ.

అందించాను. ఏం చెయ్యను?

రూతు గొట్టం తీసి, మూతి తెరిచి పీల్చింది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు అట్లాగే ఉంది.

"తడి గోనె ఉంది. బాగానే ఉంది. దీని కింద... మిరప ఘాటు. మనోళ్ళే ఎవరో. దాని కింద..." ఆగింది. మళ్ళీ పీల్చింది. ఒక్కసారి కళ్ళు తెరిచింది. "రెండోది ఉందక్కా! ఉంది గానీ చాలా సన్నగా ఉంది. ఇప్పుడిప్పుడే పుట్టింది."

పదహారు రోజుల్లో నన్ను అక్కా అనడం అదే మొదటిసారి. తెలియకుండా వచ్చేసింది దాని నోట.

"ఈమె బతుకుద్ది," అంది. మొహం వెలిగిపోతోంది. "మీరాబీ దానికంటే లేతగా ఉంది. ఇయ్యాళే కబురు పెట్టండి మేడమ్, ఆలస్యం చెయ్యబాకండి. ఎవరామె?"

మేడమ్ తెర వైపు తిరిగి ఏదో నొక్కుతూ ఉండిపోయింది. నేనే చెప్పాలి.

"కబురు పెట్టాంలే," అన్నాను.

"వచ్చిందా మరి?"

"వచ్చింది. కోసి తీశారు కూడా. బాగానే ఉంది."

"హమ్మయ్య," అంది. గొట్టం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది. "పిల్లలున్నారా?"

లేరని చెబితే పోయేది. ఆ ఒక్క మాట నా నోటికి రాలేదు.

"ఒక్కతే కూతురు," అన్నాను.

రూతు నా మొహం చూసింది. ఒకసారి చూసి ఊరుకునే మనిషి కాదు కదా. చూస్తూనే ఉంది. నా కళ్ళు చూసింది, నా చేతిలోని కాగితం చూసింది. గుమ్మం దగ్గర సిలిండరు సరిచేస్తున్న దీవెనని చూసింది.

"నర్సింగు చదువుతోందా?" అని అడిగింది.

నేను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను. మేడమ్ తల వంచుకుంది.

రూతు ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని, ముడతలు పోయేదాకా అరచేత్తో రాసింది. మూతి తిప్పి బిగించింది. దాన్ని నాకు ఇవ్వకుండా బల్ల మీద తనే పెట్టింది. గొట్టం ముక్కులో పెట్టుకుని నాలుగుసార్లు ఊపిరి పీల్చింది.

"ఇంకెన్ని ఉన్నాయి?" అంది.

"పంతొమ్మిది."

"అందియ్యి," అంది.

నాలుగో సంచి అందించాను. గొట్టం తీసి, కళ్ళు మూసుకుంది.